మొబైల్ యాప్‌కు ఆటోమేటెడ్ టెస్టింగ్: టేబుల్ మీది ఫోన్ నుంచి క్లౌడ్ ఫోన్ల దాకా

నల్గొండలో, మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో 2023లో ఐటీ టవర్లు తెరుచుకున్నాయి. అక్కడ కూర్చున్నా, మిర్యాలగూడలో ఇంటి నుంచే పనిచేస్తున్నా, చిన్న యాప్ టీముకు ఎదురయ్యే చిక్కు ఒక్కటే. రాసిన యాప్ తమ ఫోన్‌లో బాగానే నడుస్తుంది. రైతు చేతిలోని నాలుగేళ్ల పాత ఫోన్‌లో మాత్రం సేవ్ బటన్ కీబోర్డు కింద దాక్కుంటుంది. ప్రతి రిలీజుకూ పది ఫోన్లలో చేత్తో నొక్కి చూడటం ఎవరి వల్లా కాదు. ఆ పనిని స్క్రిప్టుకు ఎలా అప్పగించాలో, ఎంతవరకు సొంత ఫోన్లలో చేయాలో, ఎక్కడి నుంచి క్లౌడ్‌కు, అంటే నెట్ ద్వారా వాడుకునే దూరపు ఫోన్లకు, వెళ్లాలో ఈ మార్గదర్శి వరుసగా చెబుతుంది.

అన్నిటికంటే ముందు ఒక మాట పట్టుకోండి. టెస్టు ఫెయిలైతే యాప్‌లో తప్పుందని నమ్మగలగాలి. "ఆ టెస్టు అప్పుడప్పుడు అంతేలే, మళ్లీ నడుపు" అనే మాట టీములో ఒక్కసారి మొదలైతే ఆ తర్వాత ఎర్ర గుర్తును ఎవరూ పట్టించుకోరు, నిజమైన తప్పు కూడా దానితోపాటే దాటిపోతుంది. అందుకే స్క్రిప్టు ముందు మీ టేబుల్ మీది ఫోన్‌లో వరుసగా 20 సార్లు తప్పులేకుండా నడవాలి. అప్పటిదాకా క్లౌడ్ వైపు చూడొద్దు. క్లౌడ్‌లో నిమిషాలకు డబ్బులు కడతాం. సొంత స్క్రిప్టు లోపాలు వెతుక్కోవడానికి ఆ డబ్బు పెట్టడం దండగ.

ఉదాహరణకు కాంటా చిట్టీ యాప్ ఒకటి తీసుకుందాం. వడ్ల కొనుగోలు కేంద్రంలో రైతు పేరు, ఊరు, సంచుల లెక్క, తేమ శాతం ఎక్కిస్తే చిట్టీ తయారవుతుంది. నెట్ లేకపోతే ఫోన్‌లోనే దాచుకుని, వచ్చాక సర్వర్‌కు పంపుతుంది. మీ యాప్ వేరే అయినా పద్ధతి మారదు.

ఏది టెస్టు చేయాలి, ఎక్కడ చేయాలి

లెక్కలన్నీ స్క్రీన్ మీద టెస్టు చేయాలనుకోవడం మొదటి తప్పు. 52 సంచులు, సంచికి 40 కిలోల వడ్లు అంటే 2080 కిలోలు, అంటే 20.80 క్వింటాళ్లు. ఈ లెక్క సరిగా వస్తుందా అన్నది ఫోనే అక్కర్లేని యూనిట్ టెస్టుతో సెకనులోపే తేలిపోతుంది. తేమ హద్దు 17 శాతం కాబట్టి 16.9, 17.0, 17.1 మూడూ అక్కడే పరీక్షించండి. హద్దు దగ్గరే తప్పులు దొరుకుతాయి, మధ్యలో కాదు. ఖాళీ విలువ, సున్నా, మైనస్ అంకె కూడా అక్కడే చూడండి.

తెలుగు కీబోర్డులో ౧౭ అని తెలుగు అంకెలు కొట్టే వీలుంది. జావాలో పూర్ణాంకాలు చదివే పార్స్‌ఇంట్ ఈ అంకెల్ని ఒప్పుకుంటుంది, దశాంశాలు చదివే పార్స్‌డబుల్ ఒప్పుకోదు. అంటే సంచుల గడిలో నడిచిన అంకె తేమ గడిలో యాప్‌ను కూల్చేస్తుంది. దీనికీ ఒక యూనిట్ టెస్టు కావాలి.

స్క్రీన్ మీద నడిపే టెస్టులు 10 నుంచి 15 చాలు. లాగిన్, కొత్త చిట్టీ, చిట్టీ వెతకడం, దిద్దడం, నెట్ లేకుండా సేవ్ చేసి తర్వాత పంపడం, లాగౌట్. ఏది ఆగితే కేంద్రంలో కాంటా ఆగిపోతుందో అది ముందు రాయండి. సెట్టింగ్స్ పేజీలో రంగు మార్చే టెస్టు ఎప్పుడైనా రాసుకోవచ్చు.

కంప్యూటర్ సిద్ధం చేయడం

ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లోనే నడిచే ఉత్తుత్తి ఫోన్) కూడా నడపాలంటే 16 జీబీ ర్యామ్ ఉండాలి. 8 జీబీయే ఉంటే ఎమ్యులేటర్ జోలికి పోకుండా అసలు ఫోన్ కేబుల్‌తో పెట్టుకోండి, పని సాఫీగా సాగుతుంది. ఇక్కడ ఆదేశాలను పలికినట్టే తెలుగులో ఇస్తున్నాం. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి.

జేడీకే, ఆండ్రాయిడ్ స్టూడియో, నోడ్ ఎల్‌టీఎస్ వెర్షన్, పైథాన్ 3 ఈ వరుసలో వేయండి. తర్వాత జావా హోమ్, ఆండ్రాయిడ్ హోమ్ అనే రెండు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ పెట్టి, ఎస్‌డీకేలోని ప్లాట్‌ఫామ్ టూల్స్ ఫోల్డర్‌ను పాత్‌లో చేర్చండి. వేరియబుల్ పెట్టాక అప్పటికే తెరిచి ఉన్న టెర్మినల్‌కు ఆ సంగతి తెలియదు. దాన్ని మూసి కొత్తది తెరవాలి. "అన్నీ పెట్టినా దొరకట్లేదు" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే.

ఇప్పుడు నోడ్‌తో వచ్చే ఎన్‌పీఎమ్‌తో ఆపియమ్‌ను, అంటే స్క్రిప్టు చెప్పినట్టు ఫోన్‌లో నొక్కే, టైప్ చేసే టూల్‌ను, గ్లోబల్‌గా వేయండి. ఆపియమ్ 2 నుంచి డ్రైవర్లు విడిగా వేసుకోవాలి కాబట్టి "ఆపియమ్ డ్రైవర్ ఇన్‌స్టాల్ యూఐఆటోమేటర్2" అని కొట్టండి. తర్వాత "ఆపియమ్ డ్రైవర్ డాక్టర్ యూఐఆటోమేటర్2" నడిపితే ఏది తక్కువైందో చెబుతుంది. ఆపియమ్ పైథాన్ క్లయింట్, టెస్టుల్ని నడిపే పైటెస్ట్ రెండూ పిప్‌తో వేయండి. ఆపియమ్ సర్వర్ 4723 పోర్టులో లేస్తుంది. పాత పాఠాల్లో అడ్రసు చివర "డబ్ల్యూడీ హబ్" అని ఉంటుంది. ఆపియమ్ 2 వచ్చాక ఆ తోక అక్కర్లేదు. పాత కోడ్ కాపీ కొడితే 404 వచ్చేది అందుకే. కేపబిలిటీల, అంటే సెషన్ మొదట్లో ఆపియమ్‌కు ఇచ్చే సెట్టింగుల, పేర్లలో వెబ్‌డ్రైవర్ ప్రమాణంలో లేని ప్రతిదానికీ ముందు "ఆపియమ్" అనే మాట, కోలన్ చేర్చాలి.

కంప్యూటర్ నుంచి ఫోన్‌కు ఆదేశాలు పంపే ఏడీబీ రెండు చోట్ల ఉంటే ఇంకో తలనొప్పి. ఫోన్ స్క్రీన్ చూపించే కొన్ని టూల్స్ తమ సొంత ఏడీబీ వెంట తెచ్చుకుంటాయి. రెండు వెర్షన్లూ 5037 పోర్టు కోసం ఒకదాన్నొకటి చంపుకుంటుంటే ఫోన్ ఉన్నట్టుండి మాయమవుతుంది. సర్వర్ వెర్షన్ క్లయింట్‌తో కలవట్లేదన్న మెసేజ్ కనిపిస్తే వెంటనే పాత ఏడీబీని తీసేయండి.

ఫోన్‌ను సిద్ధం చేయడం

తొందరపడకుండా చేయాల్సిన పని ఇది. టెస్టులు నిలకడగా నడవాలంటే సగం పని ఇక్కడే ఉంది.

అబౌట్ ఫోన్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు తట్టితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి కేబుల్ పెట్టండి. ఫోన్ మీద వచ్చే ప్రశ్నకు ఎప్పుడూ అనుమతించు అన్న గడిలో టిక్ పెట్టి ఒప్పుకోండి. "ఏడీబీ డివైసెస్" కొడితే ఫోన్ సీరియల్ నంబరు పక్కన డివైస్ అని రావాలి. అనాథరైజ్డ్ అని వస్తే ఆ ప్రశ్నకు ఇంకా ఒప్పుకోలేదని. అసలేమీ రాకపోతే ముందు కేబుల్ మార్చండి. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుళ్లు బజార్లో చాలా దొరుకుతాయి, వాటిలో డేటా తీగలు ఉండవు.

షావొమీ, రెడ్‌మీ ఫోన్లలో ఇంకో రెండు స్విచ్‌లున్నాయి. ఒకటి ఇన్‌స్టాల్ వయా యూఎస్‌బీ. ఇది ఆన్‌లో లేకపోతే ఇన్‌స్టాల్ దగ్గరే యూజర్ రిస్ట్రిక్టెడ్ అని ఆగిపోతుంది. రెండోది యూఎస్‌బీ డీబగ్గింగ్ సెక్యూరిటీ సెట్టింగ్స్. ఇది లేకపోతే యాప్ తెరుచుకుంటుంది కానీ స్క్రిప్టు నొక్కిన నొక్కు మాత్రం పడదు, లాగ్‌లో ఇంజెక్ట్ ఈవెంట్స్ అనుమతి లేదని కనిపిస్తుంది. ఈ స్విచ్‌లకు కంపెనీ అకౌంట్‌తో లాగిన్, ఫోన్‌లో సిమ్ అడిగే మోడళ్లున్నాయి. సిమ్ లేని పాత రెడ్‌మీని టెస్టింగ్‌కు పెట్టాలనుకునేవాళ్లు ఇది ముందే చూసుకోవాలి.

తర్వాత మూడు యానిమేషన్ స్కేళ్లు, అంటే విండో, ట్రాన్సిషన్, యానిమేటర్, మూడింటినీ సున్నా చేయండి. స్క్రీన్ జరుగుతుండగా స్క్రిప్టు నొక్కితే నొక్కు పక్క బటన్ మీద పడుతుంది. స్టే అవేక్ ఆన్, స్క్రీన్ లాక్ తీసేయాలి, ప్లే స్టోర్‌లో ఆటో అప్‌డేట్ ఆఫ్, డునాట్ డిస్టర్బ్ ఆన్.

ఒప్పో, వివో, రియల్‌మీ ఫోన్లలో బ్యాటరీ పొదుపు బాగా కఠినంగా ఉంటుంది. ఆపియమ్ ఫోన్‌లో వేసే సెట్టింగ్స్ యాప్‌నూ, యూఐఆటోమేటర్2 సర్వర్‌నూ ఆ పొదుపు నుంచి మినహాయించండి. లేదంటే టెస్టు మధ్యలో ఇన్‌స్ట్రుమెంటేషన్ ప్రాసెస్ నడవట్లేదు, బహుశా క్రాష్ అయింది అన్న ఎర్రర్ వస్తుంది. చూసినవాళ్లు యాప్ క్రాష్ అయిందనుకుంటారు. చచ్చింది యాప్ కాదు, టెస్టు నడిపే సర్వర్.

ఎండకాలం సంగతి విడిగా చెప్పాలి. నల్గొండలో మే నెలలో 45 డిగ్రీలు ఎక్కే రోజులుంటాయి. రోజంతా ఛార్జింగ్‌లో ఉండి, రోజంతా టెస్టులు మోసే ఫోన్ వేడెక్కి తన వేగం తానే తగ్గించుకుంటుంది. నిన్న 3 సెకన్లలో తెరుచుకున్న పేజీ ఇవాళ 9 సెకన్లు తీసుకుంటుంది, టెస్టు టైమౌట్ అవుతుంది, తప్పు యాప్ మీద పడుతుంది. "ఏడీబీ షెల్ డంప్‌సిస్ బ్యాటరీ" కొట్టండి. అందులో టెంపరేచర్ 412 అని ఉంటే 41.2 డిగ్రీలని అర్థం. స్క్రిప్టు మొదట్లోనే ఈ అంకె చదివించి, 400 దాటితే 10 నిమిషాలు ఆగేలా రాయండి. ఫోన్ల వెనక కవర్లు తీసేసి నిలబెట్టి, ఒక చిన్న ఫ్యాన్ పెట్టండి. ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు. వెనక మూత ఉబ్బినట్టు కనిపించినా, ఫోన్ బల్ల మీద పెడితే ఊగినా బ్యాటరీ ఉబ్బిందని గుర్తు. ఆ ఫోన్‌ను వెంటనే ఛార్జింగ్ నుంచి తీసి పక్కన పెట్టాలి, టెస్టు ముగిసేదాకా కూడా ఆగొద్దు.

రెండు కంటే ఎక్కువ ఫోన్లు పెడితే సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ కొనండి. కంప్యూటర్ నుంచే కరెంటు లాగే హబ్‌లో మూడో ఫోన్ పెట్టగానే మొదటిది ఊడిపోతుంటుంది. విండోస్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆఫ్ చేయండి. కరెంటు పోయి వస్తే కంప్యూటర్ తనంతట తాను లేచేలా బయాస్‌లో పెట్టి, ఆపియమ్‌ను సర్వీసుగా పెట్టుకుంటే రాత్రి రన్ ఆగిపోదు. ఇన్వర్టర్ మీద కంప్యూటర్‌తో పాటు రౌటర్, హబ్ కూడా ఉండాలి. హబ్‌ను మరిచిపోవడం మామూలు.

మొదట కొనాల్సినవి మూడు ఫోన్లు. 2 లేదా 3 జీబీ ర్యామ్ ఉన్న పాతది ఒకటి, మధ్య రకం రెడ్‌మీ లేదా రియల్‌మీ ఒకటి, కొత్త ఆండ్రాయిడ్ ఉన్న సామ్‌సంగ్ ఒకటి. ఖరీదైన ఫోన్ వద్దు. తప్పులు దొరికేది పాత ఫోన్‌లోనే. వాడినది కొన్నా సరే, బ్యాటరీ మాత్రం చూసి కొనండి.

బటన్‌ను ఎలా గుర్తుపట్టాలి

స్క్రీన్ మీద కనిపించే మాటతో బటన్‌ను వెతకొద్దు. యాప్ తెలుగులో ఉంటే "భద్రపరచు", ఇంగ్లీషులో ఉంటే "సేవ్", రేపు ఎవరో "దాచు" అని మారుస్తారు. ప్రతిసారీ టెస్టు విరుగుతుంది. ఎక్స్‌పాత్‌తో తెర పై నుంచి ఏడో గడిలో మూడో బటన్ అని వెతికితే ఇంకా ఘోరం. నెమ్మది, పైగా డిజైనర్ ఒక్క గీత కదిపినా పోతుంది.

కోడ్‌లో బటన్‌కు పెట్టే పేరు, అంటే రిసోర్స్ ఐడీ, వాడండి. జెట్‌ప్యాక్ కంపోజ్‌లో టెస్ట్‌ట్యాగ్ పెట్టి, పై స్థాయి సెమాంటిక్స్‌లో టెస్ట్‌ట్యాగ్స్ యాజ్ రిసోర్స్ ఐడీని ట్రూ చేస్తే ఆపియమ్‌కు కనిపిస్తుంది. రియాక్ట్ నేటివ్‌లో టెస్ట్ ఐడీ ఉంది. కంటెంట్ డిస్క్రిప్షన్‌లో మాత్రం టెస్టుల కోసం "బీటీఎన్ 01" లాంటి పేర్లు పెట్టొద్దు. చూపు లేనివాళ్లకు టాక్‌బ్యాక్ చదివి వినిపించేది ఆ మాటే. టెస్టు సులువు కోసం వాళ్లకు అర్థంకాని మాట వినిపించడం అన్యాయం.

ఏ ఐడీ ఎక్కడుందో చూడటానికి ఆపియమ్ ఇన్‌స్పెక్టర్ తెరిచి, ఫోన్‌లో ఆ పేజీ తెచ్చి, బటన్ మీద క్లిక్ చేయండి.

మొదటి టెస్టు

లాగిన్ అయ్యాక కొత్త చిట్టీ నొక్కాలి, పేరు గడిలో "ఈశ్వరమ్మ", ఊరు "నార్కట్‌పల్లి", సంచులు 52, తేమ 16.8 ఎక్కించాలి, సేవ్ నొక్కాలి, వచ్చిన చిట్టీలో 20.80 క్వింటాళ్లు ఉందో లేదో చూడాలి. చదవడానికి ఇంతే. ఇందులో జారే చోట్లు ఇవి.

ఓటీపీ: నిజమైన ఎస్ఎంఎస్ కోసం టెస్టు ఎదురుచూడకూడదు. టెస్టు సర్వర్‌లో ఒక నంబరుకు మారని ఓటీపీ పెట్టుకోండి. ఫైర్‌బేస్ ఆథెంటికేషన్ వాడితే అందులోనే టెస్టు నంబర్లు చేర్చుకోవచ్చు. ఈ వెసులుబాటు అసలు సర్వర్‌లోకి పొరపాటున కూడా వెళ్లకూడదు.

తెలుగు టైపింగ్: "ఏడీబీ షెల్ ఇన్‌పుట్ టెక్స్ట్" ఆదేశానికి తెలుగు రాదు. ఆపియమ్ సెండ్‌కీస్ వాడండి, అది గడిలో నేరుగా అక్షరాలు పెడుతుంది.

కంటికి కనిపించని అక్షరం: నార్కట్‌పల్లి అని విడిగా రావడానికి ట కింది పొల్లుకూ, పకూ మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అక్షరం ఉంటుంది. కొన్ని కీబోర్డుల్లో అది పడదు, ప కాస్తా ట కింద ఒత్తయిపోతుంది. ఒకే ఊరు డేటాబేసులో రెండు ఊళ్లవుతుంది. పోల్చే ముందు ఆ అక్షరాన్ని తీసేసి, యూనికోడ్ ఎన్ఎఫ్‌సీ అనే ప్రామాణిక రూపంలోకి మార్చాలి. టెస్టులోనూ, యాప్‌లోనూ. ఊరు పేరు రెండు రకాలుగా కొట్టినా వెతుకులాటలో దొరకాలని ఒక టెస్టు రాసి పెట్టండి. ఈ ఒక్క టెస్టు కేంద్రంలో ఎంతో గొడవ తప్పిస్తుంది.

ఎదురుచూపు: 5 సెకన్లు ఆగు అని రాయొద్దు. మంచి ఫోన్‌లో 4 సెకన్లు దండగ, పాత ఫోన్‌లో 5 చాలవు. ఫలానా గడి కనిపించేదాకా ఆగు, 15 సెకన్లకు మించకు అని ఎక్స్‌ప్లిసిట్ వెయిట్ పెట్టండి. ప్రతి వెతుకులాటకూ వర్తించే ఇంప్లిసిట్ వెయిట్ సున్నాగానే ఉంచండి. రెండూ కలిపితే ఎంతసేపు ఆగుతుందో ఎవరూ చెప్పలేరు.

కీబోర్డు: తేమ కొట్టాక కీబోర్డు సేవ్ బటన్‌ను మూస్తుంది. కీబోర్డు దించమనే ఆదేశం కొన్ని ఫోన్లలో బ్యాక్ నొక్కినట్టే పనిచేసి, కీబోర్డు అప్పటికే దిగి ఉంటే పేజీనే వెనక్కి తీసుకుపోతుంది. కీబోర్డు ఉందా అని ముందు అడిగి, ఉంటేనే దించండి. కానీ ఒక్క టెస్టులో మాత్రం దించకుండా పేజీ జరిపి సేవ్ నొక్కించండి. మనుషులు చేసేది అదే కదా.

శుభ్రమైన మొదలు: ఆపియమ్ మామూలుగా ప్రతి సెషన్‌కూ యాప్ డేటా తుడిచేస్తుంది. వేగం కోసం, డేటా తుడవొద్దని చెప్పే నోరీసెట్‌ను ట్రూ చేయాలనిపిస్తుంది. చేస్తే నిన్నటి చిట్టీ ఇవాళ్టి టెస్టుకు అడ్డొస్తుంది. అనుమతుల పాపప్‌లకు ఆటోగ్రాంట్ పర్మిషన్స్ ట్రూ పెట్టండి. స్క్రిప్టులో ఎక్కడో నిలబెట్టి డీబగ్ చేస్తుంటే 60 సెకన్లకు సెషన్ మూసుకుపోతుంది, న్యూకమాండ్ టైమౌట్ అప్పుడు 300 చేసుకోండి.

ఫెయిలైన ప్రతిసారీ మూడు దాచాలి: స్క్రీన్‌షాట్, పేజీ సోర్స్ (ఆ క్షణంలో తెర మీది గడుల జాబితా), ఆ టెస్టు మొదలైనప్పటి నుంచి లాగ్‌క్యాట్ (ఫోన్ రాసే లాగ్). స్క్రీన్‌షాట్ ఒక్కటే ఉంటే ఏం కనిపించలేదో తెలుస్తుంది, ఎందుకు కనిపించలేదో తెలియదు.

నెట్ లేనప్పుడు, అక్షరాలు తెగినప్పుడు

అచ్చంపేట దాటి అమ్రాబాద్ వైపు నల్లమలలోకి పోతే సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. కాబట్టి నెట్ పోయే టెస్టు మీ యాప్‌కు అలంకారం కాదు, అసలు పరీక్ష. "ఏడీబీ షెల్ ఎస్‌వీసీ వైఫై డిసేబుల్", "ఎస్‌వీసీ డేటా డిసేబుల్" రెండూ నడిపి చిట్టీ సేవ్ చేయించండి. యాప్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరిపించండి. చిట్టీ ఉండాలి. నెట్ ఆన్ చేసి 60 సెకన్లలోపు సర్వర్‌కు చేరిందా చూడండి. ఈ టెస్టు కేబుల్ మీదే నడపాలి. వైఫై మీద ఏడీబీ పెట్టుకుని వైఫై ఆపితే కొమ్మ మీద కూర్చుని మొదలు నరుక్కున్నట్టే.

ఇంకా ముఖ్యమైనది: చిట్టీ సర్వర్‌కు చేరాక, జవాబు ఫోన్‌కు తిరిగి రాకముందే నెట్ కోసేయండి. యాప్ మళ్లీ పంపుతుంది. సర్వర్‌లో ఒకే కాంటాకు రెండు చిట్టీలు పడితే రైతు లెక్క తప్పుతుంది. ప్రతి చిట్టీకి ఫోన్‌లోనే ఒక ప్రత్యేక ఐడీ పుట్టించి, సర్వర్ ఆ ఐడీ రెండోసారి వస్తే పట్టించుకోకుండా ఉండాలి. చేత్తో ఈ క్షణాన్ని పట్టుకోవడం దాదాపు అసాధ్యం. జవాబు ఇవ్వడంలో 8 సెకన్లు ఆలస్యం చేసే మార్గం టెస్టు సర్వర్‌లో పెట్టుకుంటే స్క్రిప్టు ప్రతిసారీ పట్టుకుంటుంది.

తెలుగు అక్షరాలకు కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి. ఇంగ్లీషు చూసి గడి ఎత్తు గట్టిగా బిగిస్తే "లక్ష్మమ్మ" కింద ఒత్తు తెగుతుంది. "సెట్టింగ్స్ పుట్ సిస్టమ్ ఫాంట్ స్కేల్ 1.3" చేసి చిట్టీ పేజీ స్క్రీన్‌షాట్ తీయించి, ముందు సరిచూసి పెట్టుకున్న బొమ్మతో పోల్చండి. బొమ్మ పోలిక ఒక్క ఫోన్ మీదే పెట్టుకోవాలి. ఫోన్ మారితే ఫాంటే మారుతుంది, పోలిక అర్థం లేనిదవుతుంది.

రెండు మూడు ఫోన్లు ఒకేసారి

ప్రతి ఫోన్‌కు దాని యూడీఐడీ (ఏడీబీ డివైసెస్‌లో కనిపించే సీరియల్ నంబరు), వేరే సిస్టమ్ పోర్టు ఇవ్వాలి. 8200 నుంచి 8299 వరకు వాడుకోవచ్చు. ఒకే పోర్టు రెండిటికి ఇస్తే ఒక ఫోన్‌కు పంపిన నొక్కు ఇంకో సెషన్‌లో తప్పుగా తేలుతుంది. ఫోన్‌కో టెస్టు లాగిన్ కూడా విడిగా ఉండాలి.

క్లౌడ్‌కు వెళ్లడం

ఏ క్లౌడ్ ఏం చేస్తుందో తెలియకుండా అకౌంట్ తెరిస్తే రెండు రోజులు పోతాయి.

ఫైర్‌బేస్ టెస్ట్ ల్యాబ్‌కు ఆపియమ్ స్క్రిప్టు ఇవ్వలేరు. అది ఎస్ప్రెసో, యూఐ ఆటోమేటర్ లాంటి, ఫోన్‌లోనే నడిచే ఇన్‌స్ట్రుమెంటేషన్ టెస్టుల్ని, స్క్రిప్టే అక్కర్లేని రోబో టెస్టును నడుపుతుంది. రోబో టెస్టు యాప్‌లో తనంతట తాను తిరుగుతూ క్రాష్‌లు పట్టుకుంటుంది. ఉచిత స్పార్క్ ప్లాన్‌లో రోజుకు వర్చువల్ డివైస్‌ల మీద 10 టెస్టులు, అసలు ఫోన్ల మీద 5 టెస్టులు నడుపుకోవచ్చు. చిన్న టీముకు మొదటి మెట్టు ఇదే. ఏపీకే (యాప్ ఫైల్) ఎక్కించి, 5 ఫోన్లు ఎంచి, లొకేల్ (భాష) తెలుగు పెట్టి రోబో నడపండి. ఓటీపీ పేజీ దగ్గర అది చిక్కుకుపోకుండా టెస్టు నంబరు, ఓటీపీ ఏ గడిలో కొట్టాలో ముందే ఇవ్వండి. టెస్ట్ ల్యాబ్‌లో నడుస్తున్నప్పుడు ఫోన్ సిస్టమ్ సెట్టింగ్స్‌లో "ఫైర్‌బేస్ డాట్ టెస్ట్ డాట్ ల్యాబ్" విలువ ట్రూ అని ఉంటుంది. అది చదివి అనలిటిక్స్ ఆపేస్తే రోబో చేసిన వందల నొక్కులు మీ అసలు లెక్కల్లో కలవవు.

ఆపియమ్ స్క్రిప్టులకు బ్రౌజర్‌స్టాక్, సాస్ ల్యాబ్స్, ఏడబ్ల్యూఎస్ డివైస్ ఫార్మ్ లాంటివి ఉన్నాయి. బ్రౌజర్‌స్టాక్ లాంటి వాటిలో స్క్రిప్టు మీ దగ్గరే నడుస్తూ ఒక్కో ఆదేశాన్ని దూరంగా ఉన్న ఫోన్‌కు పంపుతుంది. ఒక్కో ఆదేశం వెళ్లి రావడానికి 0.3 సెకన్లు అనుకుంటే 200 ఆదేశాల టెస్టుకు ఒక్క ప్రయాణానికే నిమిషం పడుతుంది. వెయిట్‌లు 15 నుంచి 30 సెకన్లకు పెంచండి, దగ్గరి డేటాసెంటర్ ఎంచుకునే వీలుంటే ఎంచుకోండి. ఎక్స్‌పాత్‌లు మానేయమన్న మాట విలువ ఇక్కడ తెలుస్తుంది. బ్రౌజర్‌స్టాక్‌లో ఎక్కించిన ఏపీకే 30 రోజులకు తుడిచిపెట్టుకుపోతుంది. పాత యాప్ ఐడీ స్క్రిప్టులో అలాగే ఉంటే ఒక రోజు ఉన్నట్టుండి అన్నీ ఎర్రబడతాయి. ప్రతి బిల్డ్‌లో కొత్తగా ఎక్కించి, వచ్చిన ఐడీనే వాడండి.

ఏడబ్ల్యూఎస్ డివైస్ ఫార్మ్‌లో టెస్టులన్నీ జిప్ చేసి ఎక్కిస్తే అక్కడే నడుస్తాయి కాబట్టి ఆ ప్రయాణ భారం లేదు. మొదటి 1000 డివైస్ నిమిషాలు ఉచితం, తర్వాత నిమిషానికి 0.17 డాలర్లు. 10 టెస్టులు, ఒక్కోటి 3 నిమిషాలు, 8 ఫోన్లు అంటే 240 నిమిషాలు, 40.80 డాలర్లు. రోజూ నడపడానికి ఇది బరువు, రిలీజుకు ఒకసారి అయితే మోయగలరు. ధరలు మారుతుంటాయి, లెక్క వేసే ముందు వాళ్ల పేజీ చూడండి.

ఫోన్లు పేరు చూసి ఎంచొద్దు. ప్లే కన్సోల్‌లో మీ యాప్ వాడేవాళ్ల దగ్గర ఏ మోడళ్లు, ఏ ఆండ్రాయిడ్ వెర్షన్లు ఉన్నాయో ఉంటుంది. మీ దగ్గర లేనివి వాటిలో మొదటి 8 తీసుకోండి.

క్లౌడ్‌లో ఎదురయ్యే వింతలు:

డివైస్ ఫార్మ్ ఫోన్లు అమెరికాలో ఓరెగాన్‌లో ఉన్నాయి. ఎండకాలంలో మనకు పొద్దున 10:30 అయితే అక్కడి గడియారంలో ముందు రోజు రాత్రి 10 గంటలు. చిట్టీ మీద ఇవాళ్టి తేదీ ఉందా అని అడిగే టెస్టు పడిపోతుంది. యాప్ తేదీని ఫోన్ టైమ్‌జోన్ నుంచి కాకుండా ఏషియా కోల్‌కతా అని తేల్చి తీసుకోవాలి. ఇది టెస్టు తప్పు కాదు, యాప్ తప్పే. మీ సర్వర్ విదేశీ ఐపీలను ఆపేస్తుంటే లాగిన్ దగ్గరే అన్నీ ఆగుతాయి.

మీ సిమ్ అక్కడి ఫోన్లలో ఉండదు. యూపీఐ యాప్‌లు సిమ్‌తో ముడిపడి ఉంటాయి కాబట్టి నిజమైన చెల్లింపు అక్కడ సాధ్యం కాదు. చెల్లింపు అయినట్టు, కానట్టు, మధ్యలో ఆగినట్టు మూడు జవాబులు ఇచ్చే నకిలీ సేవను టెస్టు సర్వర్‌లో పెట్టుకోండి. చిట్టీ అచ్చువేసే బ్లూటూత్ ప్రింటర్, కాంటాతో కలిసే బ్లూటూత్, ఇవన్నీ టేబుల్ మీది ఫోన్లకే వదిలేయాలి.

అసలు రైతుల పేర్లు, ఆధార్, బ్యాంకు నంబర్లు క్లౌడ్ ఫోన్‌లోకి ఎన్నడూ వెళ్లకూడదు. వీడియో, లాగ్ అన్నీ బయటి సర్వర్‌లో మిగులుతాయి. అకౌంట్ యూజర్‌నేమ్, యాక్సెస్ కీ స్క్రిప్టులో రాయకుండా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో ఉంచండి.

ఐఫోన్ గురించి రెండు మాటలు చాలు. సొంతంగా నడపాలంటే మ్యాక్, ఎక్స్‌కోడ్ తప్పవు, వెబ్‌డ్రైవర్ ఏజెంట్‌కు సంతకం చేయాలి. ఉచిత ఆపిల్ అకౌంట్‌తో చేసిన సంతకం 7 రోజులకే చెల్లదు, డెవలపర్ ప్రోగ్రామ్ ఏడాదికి 99 డాలర్లు. మ్యాక్ లేని టీముకు ఐఫోన్ వరకు క్లౌడే దారి.

ఎప్పుడు ఏది నడపాలి

కోడ్ ఎక్కించిన ప్రతిసారీ యూనిట్ టెస్టులు, ఎమ్యులేటర్ మీద మూడు ముఖ్యమైన స్క్రీన్ టెస్టులు. 10 నిమిషాలు దాటితే జనం ఎదురుచూడటం మానేస్తారు. రాత్రి 11కు మూడు సొంత ఫోన్ల మీద అన్నీ. ఎండకాలంలో ఈ రన్‌ను తెల్లవారుజామున 4కు మార్చుకోండి, ఫోన్లు చల్లగా ఉంటాయి. రిలీజుకు రెండు రోజుల ముందు క్లౌడ్. ముందు రోజు పెట్టుకుంటే దొరికిన తప్పు దిద్దే తీరిక ఉండదు.

ఫెయిలైన టెస్టును పైటెస్ట్ రీరన్‌ఫెయిల్యూర్స్‌తో ఒక్కసారే మళ్లీ నడపనివ్వండి. రెండోసారి పాసైనా రిపోర్టులో విడిగా పసుపు రంగులో చూపించాలి, మామూలుగా పాసైన వాటి ఆకుపచ్చలో కలిపేయొద్దు. వారంలో మూడుసార్లు పసుపైన టెస్టును ప్రధాన వరుస నుంచి తీసి, ఒకరి పేరు రాసి, వారంలోగా బాగుచేయమనండి. వెతకాల్సిన వరుస ఇది: ముందు ఎదురుచూపులు, తర్వాత మిగిలిపోయిన పాత డేటా, తర్వాత ఫోన్ వేడి, ఆ తర్వాత కేబుల్. ఈ నాలుగూ బాగుండి ఇంకా ఊగిసలాడుతుంటే యాప్‌లోనే ఎక్కడో రెండు పనులు ఒకదానితో ఒకటి పోటీ పడుతున్నాయని అనుమానించండి. లాగ్‌క్యాట్‌లో పాసైన రన్‌నూ, ఫెయిలైన రన్‌నూ పక్కపక్కన పెట్టి, వరుస ఎక్కడ మారిందో ఆ పంక్తి దగ్గర నుంచి కోడ్ చదవడం మొదలుపెట్టండి.